మీట కింద మకిలి

“మళ్లీ ఇరుక్కుంది! ఏటయ్యా గోపీ, నీ రిపేరు ఇదేనా?”

మిడిల్ పాయింట్ బజారులో తుపాకులు బాగుచేసే గోపినాథ్ దుకాణం అది. పెదబాబు తన రైఫిల్‌ని ఒరతో సహా బల్లమీద పడేశాడు. ఆ అదురుకి స్క్రూలు దొర్లుకుంటూ నేలమీదికి పోయాయి. కాంట్రాక్టరు కదా, ఏ వస్తువునైనా ఇసుక బస్తాలాగే దింపుతాడు. అతని వెనకే వచ్చిన భార్య పద్మిని గోడవార స్టూలు మీద ఒదిగి కూర్చుంది.

గోపినాథ్ ఒర జిప్పు తీశాడు. మక్కిన కొబ్బరినూనె కంపు గుప్పుమంది. ముఖం పక్కకి తిప్పుకుని, లోపల తూటాలేమీ లేవని చూసుకున్నాడు.

“జింక ఎదురుగా నిలబడిందయ్యా! మీట కిందికి లాగాను, పైకి మూశాను. తూటా సగం దూరం వచ్చి ఆగిపోనాది. ఆ చప్పుడికి జింక ఉడాయించింది. నాతో వచ్చినోళ్లు ఒకటే నవ్వు. నా ఇజ్జత్ ఏం కావాలి?”

“మీ లైసెన్సు తోటలో పడే పందుల కోసం కదా, బాబుగారూ?”

“నా లైసెన్సులో ఏం రాసుందో పందికి తెలుసా, జింకకి తెలుసా?” పకపకా నవ్వాడు పెదబాబు. “రోజూ సాయంత్రం ఆ జింక మా వక్కతోటలో తొట్టి దగ్గరికి నీళ్లకొస్తోంది. పొట్టతో ఉంది. మాంసం వెన్నలాగ ఉంటాది. శనివారం పెద్దోళ్లని భోజనానికి పిలిచాను. ఈసారి గురి తప్పినా నా తప్పే గానీ, తూటా ఇరుక్కుంటే నీదే.”

ఆడమనిషి కదా, ఏమైనా అంటుందేమోనని గోపినాథ్ పద్మిని వైపు చూశాడు. ఆమె కొంగుతో మెడ తుడుచుకుంటూ, “ఇక ఇరుక్కోదుగా, భయ్యా?” అంది.

ఇద్దరూ ఇద్దరే అనుకున్నాడు. నావల్ల కాదని చెప్పడానికి నోరు తెరిచాడు.

“నీ షాపు లైసెన్సు రెన్యువల్ ఈ నెలే కదా?” అతను మాట అనేలోపే నవ్వుతూ అన్నాడు పెదబాబు. “ఆఫీసులో అందరూ మనోళ్లే. బేఫికర్‌గా ఉండు.”

తిట్టినా బాగుండేది. ఆ నవ్వు మరీ రోతగా ఉంది. గోపినాథ్ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

బ్యారెల్ కింద తూటాలు నింపే గొట్టం విప్పి స్ప్రింగు బయటికి లాగితే, దాంతోపాటు నల్లటి జిడ్డు తీగలు సాగుతూ వచ్చింది. అందులో చచ్చిన చీమలు, బొద్దింక కాలు, అక్కడక్కడ ఎర్రగా ఏదో పొడి.

“కిందటిసారే చెప్పాను, కొబ్బరినూనె వద్దని.”

“నాకు చెప్పావు. పూసేది నేనా? దసరాకి ఆయుధపూజ చేసింది మొదలు మా ఆవిడ వదల్లేదు. వారం వారం నూనె పట్టించి కుంకుమబొట్టు పెడతాది. నామీద లేని ప్రేమ దానిమీద!”

“సముద్రపు గాలికి తుప్పు పడుతుందని...” అంది పద్మిని నెమ్మదిగా.

“విన్నావా? బీఏ పాసైంది మళ్లీ! జుట్టుకీ కొబ్బరినూనే, తలుపు బందుకీ కొబ్బరినూనే, రైఫిల్‌కీ కొబ్బరినూనే. బుర్రలో కూడా అదే ఉన్నట్టుంది!”

ఆమె తలవంచుకుంది.

గోపినాథ్ భాగాలన్నీ కిరసనాయిల్లో వేసి రుద్దాడు. ఈ పాడు మకిలే ఇన్నాళ్లూ ఆ మూగజీవాన్ని కాపాడింది. తను గుడ్డ పెట్టి మరీ తుడిచేస్తున్నాడు. తన వేళ్లు చూసుకుంటే తనకే అసహ్యం వేసింది. అయినా ఆ వేళ్లకి అరకొర పని రాదు. అన్నీ బిగించి, మందులేని డమ్మీ తూటాలు ఎక్కించి మీట ఆడించాడు. ఒక్కటీ ఆగలేదు. నీళ్లలా జారుకుంటూ వచ్చి బల్లమీద పడ్డాయి.

“షాబాష్!” అన్నాడు పెదబాబు.

గోపినాథ్ చిన్న సీసా ఒకటి బల్లమీద పెట్టాడు. “ఇక నుంచి ఈ గన్ ఆయిలే వాడాలి.”

“ఆవిడకి నేర్పు. ఆ జిడ్డు పని నావల్ల కాదు.” ఫోను మోగడంతో పెదబాబు గుమ్మం బయటికి వెళ్లాడు. “హాఁ సాబ్! శనివారం పక్కా! మీరు ఆకలి మీద రండి చాలు!”

పద్మిని లేచి బల్ల దగ్గరికి వచ్చింది. “సరిగ్గా ఎక్కడ ఇరుక్కుంటోంది, భయ్యా?”

“ఇదిగో దీదీ, ఈ పలక. మీట లాగితే గొట్టంలోని తూటా దీనిమీదికి వస్తుంది. మూస్తే ఇది లేచి తూటాని పైకి అందిస్తుంది. దీని సందులో జిడ్డు చేరితే లేవదు.”

“గొట్టంలో ఉంటేనో?”

“స్ప్రింగు ఎలాగో నెట్టుకొస్తుంది. ఒక్కోసారి ఆగుతుంది, ఒక్కోసారి వచ్చేస్తుంది. ఈ సందులో అలా కాదు. ఒక్క చుక్క నూనెలో కుంకుమ కలిసిందంటే పూట తిరక్కుండా బంకైపోతుంది. ఇక కదలదు.”

“బయటికి కనబడుతుందా?”

“విప్పితేనే తెలిసేది.”

“ఇంకోసారి చూపించవూ?”

చూపించాడు. ఆమె వంగి, వేలు ఆనించి మరీ చూసుకుంది. పొట్టతో ఉన్న జీవాన్ని వండుకోవడానికి ఎంత శ్రద్ధ! ఆమె ముఖం చూడబుద్ధి కాక, గోపినాథ్ నేలమీది స్క్రూలు ఏరసాగాడు.

బయట పెదబాబు ఇంకా ఫోనులో నవ్వుతూనే ఉన్నాడు. పద్మిని గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“ఇక్కడ ఒక్క చుక్క చాలని తెలీక, ఇన్నాళ్లూ గొట్టం నిండా పోసి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, భయ్యా!”