వాగులో వెచ్చని నీళ్ళు

పాలమూరు నుంచి హిమాలయాలకు రోడ్డు పనికొచ్చి, మన్నెమ్మ కుటుంబం ఆ వాగొడ్డునే ఉండిపోయి ఇరవై ఏళ్ళయింది. ఎండెక్కితే మంచు కరిగి వాగు పొంగుతుంది, ఒడ్డు నేల ఆ నీళ్ళు తాగుతుంది. తెల్లారేసరికి వాగు తగ్గితే నేలే తిరిగి దానికి నీళ్ళిస్తుంది, అవి మంచు నీళ్ళకన్నా వెచ్చగా ఉంటాయి. ఇప్పుడు వాగు మట్టం కనిపెట్టి వరదొస్తే హెచ్చరించే పనంతా ఇంటింటికీ బిగించిన మాట్లాడే డబ్బాలే చూసుకుంటాయి.

ఆ మధ్యాహ్నం బట్టలుతకడానికి వాగులో దిగితే మన్నెమ్మ కాళ్ళు కొంకర్లు పోలేదు. ఎండ మండిపోతోంది, నీళ్ళు మాత్రం తెల్లవారుజామున ఉన్నట్టే వెచ్చగా ఉన్నాయి. ఆమె గబగబా ఒడ్డెక్కింది.

"శివలీలా, పిల్లనెత్తుకో. గుట్టెక్కాలె," అంది కోడలితో.

"నీళ్ళు వస్తనే ఉన్నయి కద అత్తమ్మా. డబ్బా గూడ క్షేమమే అంటున్నది."

"ఇవి మంచు నీళ్ళు గావు, నేల ఇస్తున్న నీళ్ళు. పైన ఎక్కడనో కొండ విరిగి వాగుకు అడ్డం పడ్డది. వెనక నీళ్ళు నిండి అది తెగితే మనం ఉండం."

తడిబట్టలు అక్కడే వదిలేసి మన్నెమ్మ ఇల్లిల్లూ తలుపులు బాదింది. తిట్టుకుంటూనే అందరూ గుట్టెక్కారు.

వాగు ఎగువ నుంచి ఉరుములాంటి చప్పుడొచ్చింది. కింద డబ్బాలన్నీ ఒక్క గొంతుతో "వాగు క్షేమం" అనబోయి, సగం మాటలోనే వరదలో మునిగిపోయాయి.