శబ్దం ఆపే టూల్

"శబ్దాన్ని ఆపుతుంది" అని టూల్‌కు ఒక్క ముక్క వివరణ రాసి చేతులు దులుపుకున్నది మీరే కదా! ఏ శబ్దమో రాస్తే మీ సొమ్మేం పోయింది?

అలాంటి వివరణలు చదివి, చెప్పిన పని తనే చేసిపెట్టే ఏఐ ఏజెంటు టూల్స్‌ను సరిగ్గా వాడుతుందో లేదో చూడటానికి, టెస్టర్ అమ్మాయి ఆ రాత్రి ఆసుపత్రి వార్డులో ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చుంది.

"ఆ అలారం కీచుకీచు ఆపించవే తల్లీ, మా ఆవిడ గురకే నయం," అన్నాడు మంచం మీది తాత.

ఆమె నవ్వుతూ శబ్దం ఆపమని ఏజెంటుకు చెప్పింది. అలారం ఆగింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది గానీ దాని హోరు ఆగింది. తాత దగ్గు సగంలో ఆగిపోయింది.

"తాతా!" అని అరిచింది. నోరు కదిలింది గానీ గొంతు వినపడలేదు. ఆ నిశ్శబ్దంలో ఆమె గుండె చప్పుడొక్కటే మిగిలింది.

తెరపై అక్షరాలు వచ్చాయి: "ఇంకొక శబ్దం వినిపిస్తోంది. ఆపుతున్నాను."

వివరణ రాసిన మహానుభావులారా, లేవండి! ఏది ఆపకూడదో ఇప్పుడే, ఈ క్షణమే రాయండి!