ఏడు సీసాలు

ఏ మిశ్రమాన్నైనా విడదీసే విభజన కేంద్రాలు ఊరూరా వచ్చాక, చనిపోయినవారి బూడిదను కూడా మూలకాలుగా, సమ్మేళనాలుగా వేరుచేసి సీసాల్లో ఇస్తున్నారు. మిశ్రమాన్ని ఇంట్లో ఉంచుకున్నా, నదిలో వదిలినా నేరమే.

రాజమండ్రి కేంద్రంలో సుభాషిణి ఆరేళ్ళుగా ఆ సీసాలు అందిస్తోంది. ఆ ఉదయం అచ్చియ్యమ్మ తన భర్త సీసాల కోసం వచ్చింది. బొగ్గుపొడి, సున్నం, ఇనుము, గంధకం, ఇంకో మూడు. ముసలమ్మ ఒక్కొక్కటీ ఎత్తి చూసింది.

“ఇందులో మా ఆయనెక్కడున్నారమ్మా?”

“అన్నీ ఆయనవేనండి. పైన పేరు రాసుంది చూడండి.”

“ఎవరివైనా ఇలాగే ఉంటాయి కదమ్మా. కలిపి ఇచ్చెయ్యి, గోదాట్లో కలుపుకుంటాను.”

కుదరదని సుభాషిణి చెప్పింది. అచ్చియ్యమ్మ వాదించలేదు, సీసాలూ తీసుకోలేదు. బల్ల ముందు అలాగే నిలబడింది.

పావుగంట చూసి సుభాషిణి కిటికీ మూసింది. స్టీలు పళ్ళెం తెచ్చి సీసాల మూతలన్నీ తీసింది. అచ్చియ్యమ్మ అన్నిటినీ చేత్తో మెల్లగా కలిపింది. రంగులన్నీ పోయి బూడిద మిగిలింది. దాన్ని కొంగున మూటగట్టుకుంది.

“ముందు గేటు దగ్గర మిషను పట్టేస్తుందండి,” అంది సుభాషిణి చెప్పులేసుకుంటూ. “వెనకనుంచి వెళ్దాం. రేవుదాకా నేనొస్తాను, పదండి.”