వాయిదా పడుతున్న పెద్ద పందెం

"ఈ ఆదివారం వేకువ పరిగెత్తదు చిన్నసారు," అంటూ లింగమూర్తి కాగితాన్ని జాన్సన్ వైపు నెట్టాడు.

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో జాన్సన్ పనిచేసే ఆఫీసు ఆరో అంతస్తు ఫుడ్‌కోర్టులో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. వేకువ జాన్సన్ తండ్రి జ్ఞానప్రకాశంగారి గుర్రం. ఐదు పందేలు పరిగెత్తి ఐదూ గెలిచిన ఆడగుర్రం. దాన్ని ఆ స్థాయికి తెచ్చిన ట్రైనర్ లింగమూర్తి. ఆయన సంతకం పెట్టిన కాగితం ఒంటిగంటలోగా మలక్‌పేట రేసుకోర్సుకు చేరితేనే ఆదివారం పెద్ద పందెంలో వేకువ పేరు ఉంటుంది.

"కారణం చెప్పండి మూర్తిగారు."

"నేల గట్టిగున్నది. చినుకు పడి రెండు నెలలాయె."

"మొన్న గురువారం అదే నేల మీద అది పరిగెత్తిన వీడియో పంపింది మీరే కదండి. ఇంత బాగా ఎప్పుడూ పోలేదని కింద రాశారు కూడా."

"అది పొద్దుగాల ఒక్కతే పోయిన పరుగు. పందెం వేరే ఉంటది."

"ఇంకా?"

"ముందటి కాలు జర వేడిగున్నది."

జాన్సన్ ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. "నిన్న డాక్టరు చూశాడు. నాలుగు కాళ్ళూ చక్కగా ఉన్నాయని రాసిచ్చాడు. చదవమంటారా?"

"డాక్టర్‌కు కాలు కనవడ్తది. నాకు గుర్రం కనవడ్తది."

జాన్సన్‌కు నవ్వు రాలేదు. నిద్రలేక కళ్ళు మండుతున్నాయి. అవతల మీటింగ్‌లో తన కోసం అడుగుతున్నారని ఫోన్ మూడోసారి వణికింది. దాన్ని బోర్లించాడు.

"నవంబర్లో జాకీ సరిగ్గా లేడన్నారు. డిసెంబర్లో రేసుకోర్సువాళ్ళు అది మోయాల్సిన బరువు ఎక్కువేశారన్నారు. ఇప్పుడు కాలంటున్నారు. చిన్న పందేలకు లేని రోగాలన్నీ పెద్ద పందెం అనగానే వస్తాయేంటండి దీనికి?"

లింగమూర్తి చల్లారిపోయిన టీ ఒక గుక్క తాగాడు. తెల్లవారుజామున నాలుగింటికే గుర్రాల దగ్గర నిలబడ్డ మనిషి. అక్కడినుంచి ఇక్కడికి రెండు గంటలు బస్సులో వచ్చాడు.

"ఇప్పుడు మనం కూసున్న కాడ మా పెద్దనాయిన జొన్న ఏసేటోడు," అన్నాడు అద్దంలోంచి పుప్పాలగూడ వైపు చూస్తూ. "అప్పుడు గూడ గింత తొందర ఎవ్వరికీ లేకుండె. వానకాలం చూద్దాం సారు. పందెం యాడికి పోతది?"

"మీ పెదనాన్నగారి జొన్నకు గడువు లేదండి. దీనికి ఒంటిగంట."

"తొందరపడి మంచి గుర్రాలను ఖరాబ్ చేసినోళ్ళను మస్తు మందిని చూసిన."

"జాగ్రత్త పేరుతో కట్టేసి కూర్చోబెట్టిన వాళ్ళను నేను ఇప్పుడే చూస్తున్నాను." జాన్సన్ కాగితం మడిచాడు. "సరే. ఇక మీతో వాదించే ఓపిక లేదు. రేపు వేకువను వేరే ట్రైనర్‌కి అప్పజెప్తాను."

లింగమూర్తి తల ఊపాడు. కోపం తెచ్చుకోలేదు.

"ఇయ్యుండ్రి. కొత్తాయనకు మాత్రం చెప్పుండ్రి. ఎడమ పక్కకెల్లి పోతేనే అది మేత ముడ్తది. బెల్లం ముక్క అరచేతిల పెట్టియ్యాలె. వేళ్ళతోని ఇస్తే కొరుకుతది."

ఆ మాటతో జాన్సన్ మెత్తబడ్డాడు. రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు.

"మీ మీద కోపం కాదు మూర్తిగారు. నాన్నకి టైం లేదు. మీకూ తెలుసు కదా. నవంబరు దాటరన్నారు, దాటారు. క్రిస్మస్ చూడరన్నారు. చూశారు, కేక్ కూడా అడిగి తిన్నారు. ఆసుపత్రి వాళ్ళకే అర్థం కావట్లేదు. ఇప్పుడు ఈ నెలాఖరు అంటున్నారు. తెల్లాపూర్ ఇంట్లో ఆ మంచం మీద పడుకుని, కళ్ళు తెరిస్తే వేకువ మాటే. అంబులెన్సులోనైనా సరే తీసుకెళ్ళి, అది పెద్ద పందెం పరిగెత్తడం ఒక్కసారి చూపించాలి. నేను అడిగేది అంతే. గెలవకపోయినా ఫరవాలేదు. మీ వానాకాలం దాకా ఆయన ఎక్కడ ఉంటారండి?"

లింగమూర్తి భుజం మీది తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు. పక్క బల్ల వాళ్ళు లేచి వెళ్ళిపోయారు.

"కాలు మంచిగనే ఉన్నది సారు," అన్నాడు చివరికి. "నేల గూడ మంచిగనే ఉన్నది."

"ఏంటి?"

"ఆదివారం ఇడిస్తే గెలుస్తది. అండ్ల నాకు ఫికర్ లేదు. డిసెంబర్ల ఇడిసినా గెలుస్తుండె."

జాన్సన్ కుర్చీలో ముందుకు వంగాడు. "మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఆపారు?"

"నేను ఆపలేదు."

"మరెవరు?"

లింగమూర్తి జేబులోంచి పెన్ను తీశాడు. మూత తీయకుండానే కాగితం పక్కన పెట్టాడు.

"పెద్దసారు. నవంబర్ల నన్ను పిలిచి, నా చెయ్యి ఇడవకుండ పట్టుకొని, 'మూర్తీ, ఏ సాకు చెప్తవో చెప్పు, ఆ పందెం మాత్రం ఎప్పుడూ వచ్చే నెలలనే ఉండాలె, అది అయిపోతే మర్నాడు పొద్దుగాల కండ్లు తెరవనీకి నాకేం పనుంటది' అన్నరు."