డాబా మీద సిగ్నల్

"అత్తమ్మా, వచ్చింది! మెసేజ్ వచ్చింది!"

సంతోషి గాజులు గలగలలాడిస్తూ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆమె చేతిలోని ఫోను పెళ్లయ్యాక జగదీశ్ కొనిచ్చిన మొదటి వస్తువు. మెసేజ్ వస్తే కోయిల కూస్తుంది. ఆ కూత కోసం పొద్దుటి నుంచి చెవులు రిక్కించుకుని ఉంది.

"ఏమొచ్చిందే, గంతగనం ఉరుకుతున్నవు?" భాగ్యమ్మ మంచం మీది నుంచే కసిరింది. కట్టు కట్టిన కుడికాలు దిండు మీద ఉంది.

"ఇయ్యాల నాలుగింటికి పట్నం డాక్టర్ నిన్ను చూస్తడంట. ట్యాబ్‌ల కనిపిస్తడు. మనం యాడికీ పోయే పని లేదు!"

ఆ వానాకాలమే ఒక స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన సేవ అది. రోగమేమిటో మెసేజ్ పెడితే, సంస్థ అమ్మాయి ట్యాబ్ పట్టుకుని ఇంటికి వస్తుంది. అందులో డాక్టరు కనిపించి మాట్లాడతాడు.

"కనిపిస్తే ఏం లాభం? కనిపించే డాక్టరు మన ఊరి దవాఖానల గూడ ఉన్నడు, గోడ మీద."

"గోడ మీదనా?"

"పోలియో చుక్కల ఫ్లెక్సీ మీద మన దవాఖాన సారుదే ఫొటో. చంటిపిల్ల నోట్లె చుక్కలేసుకుంట ఇకిలిస్తుంటడు. పండ్ల సందుల పెసరగింజ పడుతది. నేను, పక్కింటి లచ్చమ్మ పోవుడు, ఆ పండ్లు చూసుకుంట కూసునుడు. నర్సమ్మొచ్చి సారు మీటింగుల ఉన్నడనుడు. ఆషాఢమంతా గదే తీర్థం మాకు!"

ఆషాఢంలో సంతోషి పుట్టింట్లో ఉంది. అప్పుడే మక్కచేనులో కొయ్యకాలు గుచ్చుకుని అత్త బొటనవేలికి గాయమైంది. ఒంట్లో షుగరు. శ్రావణంలో కోడలు తిరిగొచ్చేసరికి వేలు నల్లబడింది. పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోతే, ముందు మీ ఊరి డాక్టరుతో చీటీ రాయించుకు రమ్మన్నారు. ఇంకా ఆలస్యమైతే పాదమే పోతుందని కూడా చెప్పారు. ఆ మాట జగదీశ్ తల్లికి చెప్పలేదు. భార్యకు మాత్రం చెప్పాడు.

నాలుగింటికి సంస్థ అమ్మాయి మాధవీలత ట్యాబ్‌తో వచ్చింది. వాకిలంతా తిరిగింది. దొడ్లో చెయ్యెత్తి నిలబడింది.

"వీడియోకు సిగ్నల్ సాలదక్కా. డాబా మీద వస్తదేమో."

"పొద్దంతా మన నెత్తి మీదికెల్లి విమానాలు పోతయి, సిగ్నల్ మాత్రం సరిగ్గ రాదు!" సంతోషికి మండిపోయింది.

ఎయిర్‌పోర్టులో లగేజీ డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన జగదీశ్ తల్లి ముందు వంగి కూర్చున్నాడు. "ఎక్కమ్మా వీపు మీద."

"పైలం రా. మంది పెట్టెలు మోసీ మోసీ నడుము ఇరిగి ఉంటది."

"నిన్ను ఎక్స్‌ట్రా లగేజీ కింద రాయాలె."

సంతోషి ఫక్కుమంది. మెట్లెక్కుతుంటే అతని చెవులు ఎర్రబడ్డాయి. ఇంత కోపంలోనూ ఆ చెవులు ఆమెకు ముద్దొచ్చాయి.

డాబా మీద తెర వెలిగింది. బొమ్మ ముక్కలు ముక్కలుగా వచ్చింది: ఒక నుదురు, ఒక కళ్లజోడు, తెల్లకోటు కాలరు.

"చెప్పండమ్మా. ఏ ఊరు మీది?"

మాధవీలత ఊరి పేరు చెప్పింది. సరిగ్గా అప్పుడే విమానం ఒకటి నీళ్లట్యాంకును రాసుకుపోతున్నట్టు తలల మీదుగా మోత మోగిస్తూ వెళ్లింది.

"ఆఁ, సరే సరే," అంది తెర. "ఇంతవరకు ఎవరికీ చూపించలేదా?"

భాగ్యమ్మ భగ్గుమంది. "ఎవలకు చూపియ్యాలె సారూ? మా దవాఖానల డాక్టరు కుర్చీకి చూపిచ్చిన. దానికి బూజు పట్టింది గని మనిషి రాలే."

"నెల కాంగనే జీతం మాత్రం పడుతది సార్," సంతోషి అందుకుంది. "మా అత్తమ్మ కాలు గిట్ల మురుగుతుంటే, ఆయన యాడున్నడో ఆ దేవునికే తెలియాలె. అసొంటోళ్లను ఏం చెయ్యాలె సార్?"

"ఏం చేస్తామమ్మా. అలాంటివాళ్ల వల్లే మా అందరికీ చెడ్డపేరు. ఏదీ, కాలు చూపించండి."

మాధవీలత కట్టు విప్పింది. జగదీశ్ తల్లి కాలును జాగ్రత్తగా తెర దాకా ఎత్తి పట్టుకున్నాడు. సంతోషి చీర కొంగుతో ఈగలను తోలింది.

"వాసన గూడ వస్తుందా సారూ, నీ డబ్బాలకు?" అంది భాగ్యమ్మ.

డాక్టరు పకపకా నవ్వాడు. సిగ్నల్ కుదురుకుంది. బొమ్మ ఇప్పుడు అద్దంలా స్పష్టంగా ఉంది. భాగ్యమ్మ ముందుకు వంగి, కళ్లు చికిలించి, ఆ నవ్వే పళ్ల సందులోకి చూసింది. నొప్పేమోనని సంతోషి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వేలు తీయాల్సిన పని ఉండదనుకుంటాను," అన్నాడు డాక్టరు. "కాని నల్లబడిన చర్మం కోసి శుభ్రం చెయ్యాలి. అది చేత్తో చేసే పని, ఇక్కడి నుంచి నా వల్ల కాదు. రేపు పొద్దున్నే మీ ఊరి ప్రభుత్వ దవాఖానకు వెళ్లి కూర్చోండి. డాక్టరు వచ్చేదాకా కదలొద్దు. గట్టిగా నిలదీయండి, అది మీ హక్కు."

సంతోషికి ప్రాణం లేచొచ్చింది. కోపానికి తోడు ధైర్యం దొరికినట్టయింది. "పోతం సార్! రేపు నేను, మా ఆయన, లచ్చమ్మత్త, వాడకట్టంతా పోయి కూసుంటం. అయినా రాకుంటే?"

"ఎందుకు రాడమ్మా?"

భాగ్యమ్మ మాధవీలత చేతుల్లోంచి ట్యాబ్ లాక్కుని ముఖానికి దగ్గరగా పెట్టుకుంది.

"జల్ది రా బిడ్డా, ఆ డాక్టర్‌వు నువ్వే కద."