కిత్నా నఫర్?

“కిత్నా నఫర్?”

అరబ్బు దేశంలోని ఖురియాత్ రేవులో పడవ తాడు విప్పుతున్న భీమన్నకు ఆ మాట వినగానే ఒళ్ళు మండింది.

ఎంతమందిని ఎక్కించుకున్నావని అడుగుతున్నాడు పక్క పడవ ముసలాయన హమూద్. ఆరేళ్ళుగా రోజూ ఇదే ప్రశ్న.

“చార్” అన్నాడు భీమన్న, మొహం చూడకుండా.

ముసలాయన ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని నలుగురినీ ఒక్కొక్కరినే చూశాడు. చూసి, గేటు దగ్గరున్న పోలీసు వైపు చెయ్యెత్తాడు.

టూరిస్టులను చేపల వేటకు తీసుకెళ్ళి, వంజరమో తూరో పట్టించి తీసుకురావడం ఇద్దరి పని. హమూద్‌ది తాతల నాటి రేవు. భీమన్నది ధర్మపురి దగ్గర గోదావరి ఒడ్డు. పడవ యజమాని, అతని అర్బాబు, పడవతో పాటు అరబ్బీలో ఉన్న కాగితం ఒకటి ఇచ్చి, పోలీసులు అడిగితే చూపించమన్నాడు. అది చెల్లుతూనే ఉంది. చెల్లే కాగితాన్ని చదివించుకోవాలని ఎవడికి తోస్తుంది.

భీమన్న తక్కువకే తీసుకెళ్తాడు, హిందీలో నవ్విస్తాడు. హమూద్ పడవ వారంలో నాలుగు రోజులు గట్టునే ఉంటోంది. పరాయివాళ్ళొచ్చి మన పొట్ట కొడుతున్నారని రేవులో మిగతావాళ్ళు గొణిగేవారు. ముసలాయన ఏమీ అనేవాడు కాదు. సాయంత్రం భీమన్న పడవ తిరిగొచ్చేదాకా గట్టు మీదే కూర్చుని, దిగినవాళ్ళను మళ్ళీ లెక్కపెట్టుకుని వెళ్ళిపోయేవాడు.

కుళ్ళు, అనుకున్నాడు భీమన్న.

ఒక పొద్దున గాలి వేస్తుంటే హమూద్ భీమన్న పడవ తాడు పట్టుకుని వదల్లేదు. ఇవాళ వద్దన్నాడు. గెస్టులు భయపడి దిగిపోయారు. మధ్యాహ్నానికి సముద్రం నిజంగానే లేచింది. భీమన్నకు అది గుర్తులేదు. దిగిపోయిన గెస్టులే గుర్తున్నారు.

మర్నాడే బస్సెక్కి మత్రాలో టైపింగ్ షాపు నడిపే షరీఫ్ దగ్గరికి పోయాడు.

“ఒక అర్జీ కొట్టియ్యి షరీఫన్నా. ముసలోనికి కండ్లు కనవడ్తలెవ్వు, లైసెన్సు తీసెయ్యుండ్రి అని.”

షరీఫ్‌ది కడప. “ఆయప్ప నీకేం జేసినాడబ్బా?”

“పొద్దున లెక్కవెడ్తడు, మాపటికి లెక్కవెడ్తడు. నా పాణం తీస్తుండు.”

“వాళ్ళ దేశం, వాళ్ళ నీళ్ళు. బతకనీకొచ్చినోళ్ళం మనం.”

“నువ్వు కొట్టరాదే.”

కొట్టాడు. కింద పేరు లేదు.

పది రోజులకు లైసెన్సు ఆఫీసు వాళ్ళొచ్చి హమూద్ కళ్ళు పరీక్ష చేయించారు. రెండు కళ్ళలోనూ పొరలు. లైసెన్సు తీసుకుపోయారు. ముసలాయన పడవను ఒకసారి తడిమి, ఇంటిదారి పట్టాడు. భీమన్న ఎదురైతే ఆగాడు. గాలి తిరుగుతోంది, రేపు ముగ్గురిని మించి ఎక్కించుకోవద్దని చెప్పి వెళ్ళాడు.

ఇంకా లెక్కలేనా, అని నవ్వుకున్నాడు భీమన్న.

మర్నాడు గేటులో పోలీసు అతని కాగితం చూసి వెనక్కిచ్చాడు. “ఖలాస్” అన్నాడు. ఇక చెల్లదు.

అర్బాబుకు ఫోన్ చేస్తే, తనేం చేయలేనని, వీసా కొట్టేసి ఇంటికి పంపుతానని అన్నాడు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఇంటికి. గోదావరిలో ఇప్పుడు తన వల ఎవరిక్కావాలి.

భీమన్న మళ్ళీ మత్రాకు పరుగెత్తాడు. తారీఖు దాటిందేమో, కొత్తది కొట్టియ్యమని కాగితం షరీఫ్ చేతిలో పెట్టాడు.

షరీఫ్ చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు.

“ఏమున్నదే?”

“ఇది మీ అర్బాబు రాసిచ్చింది గాదు భీమన్నా.”

“మరి ఎవ్వలది?”

“‘ఈ మనిషి నా లైసెన్సు మీదనే సముద్రంలోకి పోతాడు, ఎంతమందిని తీసుకపోతే అంతమందినీ తీసుకొస్తాడు, రోజూ నేనే చూసుకుంటాను, ఏం జరిగినా పూచీ నాది’ అని ఉందబ్బా,” అని షరీఫ్ కాగితం అతని వైపు తిప్పి, కింద వేలిముద్ర పక్కనున్న పేరు చదివాడు: “హమూద్.”