రెండు నొక్కుల పని

“ఇక ఫార్మాట్ చేయడం రెండు నొక్కుల పనే సార్, మీరే చేసుకోవచ్చు” అని, కొత్త హార్డ్ డిస్కు బిగించిన షాపతను స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. చేతులు మాత్రం ఒళ్లోనే ఉండిపోయాయి.

“నువ్వు చెయ్యమ్మా” అన్నాడు కూతురితో.

“రేపు పరీక్ష నాన్నా. అయినా అంత పెద్ద బస్సు నడిపేవాడివి, మౌస్ పట్టుకోవడానికి భయమేంటి?” అంటూ పుస్తకాలు తీసుకుని పక్క గదిలోకి వెళ్లిపోయింది.

భయం కాదు, సిగ్గు.

ఎనిమిదేళ్ల కిందట ఇదే కంప్యూటర్‌కి ఇలాగే ఇంకో డిస్కు పెట్టించారు. ఆయన సాయంత్రం డ్యూటీ దిగి, యూనిఫాం అయినా విప్పకుండా కూర్చుని దాన్ని ఫార్మాట్ చేశాడు. తీరా చూస్తే ఫొటోలున్న పాత డిస్కు ఖాళీ. పిల్ల తొలి అడుగుల వీడియో పోయింది. అంతకంటే ఘోరం, మనవరాలిని ఒళ్లో వేసుకుని అత్తగారు పాడిన జోలపాట పోయింది. అత్తగారు కాలం చేసి అప్పటికి మూడు నెలలే. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. డిస్కు పట్టుకుని ఆయన తిరగని షాపు లేదు. ఎవరూ ఏమీ తీయలేకపోయారు.

అప్పటినుంచి అత్తవారి వైపు ఆయన ‘తుడుపు బావ’ అయిపోయాడు. ఏ పెళ్లిలోనో ఫోన్ పైకెత్తితే చాలు, “బావచేత ఫొటో తీయించుకోకండ్రోయ్, మాయమైపోతాం!” అని బావమరిది అరిచేవాడు. అందరూ పగలబడి నవ్వేవాళ్లు. చెవులు ఎర్రబడుతున్నా ఆయనా నవ్వేవాడు.

భార్య ఒక్కతే నవ్వేది కాదు. ఈ ఎనిమిదేళ్లలో ఆ విషయం మీద ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండేదో అనుకునేవాడు.

“ఒకసారి ఇటు రావా?” అని పిలిచాడు.

ఆవిడ వంటగది గుమ్మం దగ్గరే ఆగింది. “నేనెందుకండీ? నాకేం తెలుసు?”

“నువ్వు పక్కనుంటే కాస్త ధైర్యం.”

వచ్చి కుర్చీ వెనకాల నిలబడింది.

ఈసారి పాత డిస్కు తీగ ముందే షాపతని చేతే పీకించాడు. అయినా తెర మీది అంకె మూడుసార్లు చదివాడు. “రెండు టెరాబైట్లు. ఇది కొత్తదే కదూ?”

“కొత్తదే.”

“సరిగ్గా చూడు.”

“చూశాను. నొక్కండి.”

‘ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది’ అని హెచ్చరిక వచ్చింది. ఆయన వేలు ఆగిపోయింది.

“ఆ రోజూ ఇది వచ్చింది. చదివే నొక్కాను” అన్నాడు మెల్లగా. “ఏం కళ్లో నావి. మీ అమ్మ గొంతు నీకు లేకుండా చేశాను. ఇప్పటికీ నీ మొహంలోకి చూడాలంటే తల వాలిపోతుంది.”

“పాత సంగతులు ఎందుకండీ ఇప్పుడు.”

నొక్కాడు. పచ్చగీత నిండింది. కొత్త డ్రైవు తెరుచుకుంది, ఖాళీగా.

“నన్ను క్షమించావా?” అని అడిగాడు, వెనక్కి తిరగకుండానే.

కుర్చీ వీపు మీద ఆవిడ వేళ్లు బిగుసుకున్నాయి.

“ఎప్పుడో క్షమించాను” అంది చివరికి.

ఎనిమిదేళ్ల కిందట ఆ సాయంత్రం ఆయన ఫార్మాట్ చేసింది నిజానికి కొత్త డిస్కునే. అలసిపోయి వచ్చే మనిషికి పని తగ్గిద్దామని ఆ మధ్యాహ్నమే తాను కూర్చుని, కొత్తదనుకుని పొరపాటున పాత డిస్కును తుడిచిపెట్టేసింది ఆవిడ.